పెద్ద కళాకారుల లైవ్ షోలు: రికార్డు వినడానికి పోతున్నామా, మనిషిని వినడానికా?

క్లాక్‌టవర్_రేడియో (నల్లగొండ)

నిన్న రాత్రి మా దగ్గర పాత సినిమా పాటల కచేరీకి వెళ్లొచ్చాను. పాడిన గాయని పేరు రాయను. రాస్తే చర్చంతా ఆవిడ చుట్టూ తిరుగుతుంది. డెబ్భై దాటిన మనిషి. మా అమ్మ తరం వాళ్లకు ఆవిడ పాటలు నోటికి వచ్చు.

కార్డులో ఆరు గంటలని వేశారు. జ్యోతి వెలిగించడం, ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, స్పాన్సర్లతో ఫొటోలు, అన్నీ అయ్యేసరికి తొమ్మిది దాటింది. అప్పటిదాకా ఆవిడ స్టేజి మీద కుర్చీలో, కళ్లలోకి ఫోకస్ లైటు కొడుతున్నా నవ్వుతూనే కూర్చున్నారు.

మొదటి రెండు పాటలు ట్రాక్ మీద, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న సంగీతం మీద పోయాయి. ట్రాక్‌లో ఎవరో అమ్మాయి గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. పై స్థాయి వచ్చినప్పుడల్లా ఆ గొంతే ముందుకొచ్చేది. జనం బాగానే చప్పట్లు కొట్టారు. మూడో పాటకు ఆవిడ కీబోర్డు అబ్బాయిని దగ్గరికి పిలిచి ఏదో చెప్పారు. ట్రాక్ ఆపేశారు. కీబోర్డు, తబలా, అంతే. శ్రుతి బాగా దిగింది, నడక కూడా తగ్గింది. రికార్డులో చరణం చివర కిందికి జారే చోట ఆవిడ జారలేదు, పైనే తిప్పి పల్లవి అందుకున్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. నా వెనకాయన మాత్రం "గొంతు పోయింది పాపం, ఇంట్ల కూసోవచ్చు గదా" అన్నాడు.

పెద్దవాళ్ల లైవ్ షోకి మనం ఏం వినడానికి పోతున్నాం? రికార్డే కావాలంటే అది ఫోన్‌లో ఉంది కదా.

దేవరకొండ_చిన్నోడు

వెనకాయన అన్నదాంట్లో తప్పేముంది అన్నా? టికెట్ కొని, బస్సు పట్టుకొని వచ్చేది ఆ పాట కోసమే. ఆ పాట ఆ పాటలాగా లేకపోతే బాధ ఉండదా? జానకమ్మను చూడండి. 2017 అక్టోబరులో మైసూరులో చివరి కచేరీ చేసి, ఇక చాలని ఆపేశారు. జనం ఇంకా కావాలంటున్నప్పుడే దిగిపోవాలి.

సూర్యాపేట_అక్క

తమ్మీ, జానకి గారు ఆపింది ఆమె ఇష్టంతో. ఎవరో రెండో వరుసలో కూర్చొని ఆపమంటే ఆపలేదు. ఆ తేడా చూడు.

సుశీల గారి పేరు 2016లో గిన్నిస్‌లోకి ఎక్కింది, 17,695 పాటల లెక్కతో. అన్ని పాడిన మనిషి ఇవాళ మైకు ముందుకొచ్చి ఒక్క పల్లవి అన్నా నాకు చాలు. కర్ణాటక సంగీతంలో బాలమురళి గారు ఎనభై దాటాక కూడా కచేరీలు చేశారు. అక్కడ వినేవాళ్లు గొంతు ఎంత పైకి పోతోందని కొలుచుకుంటూ కూర్చోరు, మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లేది చూస్తారు. సినిమా పాట దగ్గరికొచ్చేసరికే మనకు ఎప్పుడో రికార్డయిన ఆ మూడు నాలుగు నిమిషాలు కొలబద్ద అయిపోతాయి. ఆ రోజు ఆ గొంతుకు ఎంత వయసు, ఇవాళ ఎంత వయసు?

కీబోర్డు_మాస్టర్ (మిర్యాలగూడ)

నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. క్లాక్‌టవర్ గారు చూసింది ఏమిటో కాస్త విడమరిచి చెప్తాను, ఓపికుంటే చదవండి.

రికార్డింగు నాటికి ఆవిడ శ్రుతి ఐదున్నర అనుకుందాం. ఇప్పుడు నాలుగు. అంటే మెట్టుకు అర చొప్పున మూడు మెట్లు దించారు. నాకు అది ఒక బటన్ పని. ట్రాన్స్‌పోజ్‌లో మైనస్ మూడు పెడితే నా వేళ్లు పాత చోటే ఉంటాయి. గొంతుకు ఆ బటన్ లేదు. శ్రుతి దించితే పై స్వరాలు అందుతాయి, బాగానే ఉంది. కానీ అదే పాటలో మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి దిగే మలుపు ఉంటే అది కూడా మూడు మెట్లు కిందికి పోతుంది. అక్కడ గొంతు పలకదు, మైకులో గాలి వినిపిస్తుంది. వయసుతో ఆడవాళ్ల గొంతు కొంత బరువెక్కుతుంది, నిజమే. అయినా హాలు నిండేంత బలం ఆ అడుగున ఉండదు.

అందుకే ఆవిడ చరణం చివర మార్చారు. తడబాటు కాదది. నేను పక్కన కూర్చొని వాయించిన పెద్దవాళ్లలో చాలామంది ఒక్కో పాటకు రెండు మూడు ముగింపులు దగ్గర పెట్టుకుంటారు. ఆ పూట గొంతు ఎలా ఉందో మొదటి పాటలో చూసుకుంటారు, తర్వాత ఏది కావాలో తేల్చుకుంటారు.

నడక తగ్గడం గురించి. చాలామంది వయసైపోయింది కాబట్టి మెల్లగా పాడారనుకుంటారు. మెల్లగా పాడటానికి ఊపిరి ఎక్కువ కావాలి. ఒక లైను సాగదీస్తే దాన్ని మోయడానికి రొమ్ములో గాలి ఉండాలి కదా. మాట విరగకుండా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసినవాళ్లే ఆ పని చేయగలరు. కుర్ర గాయకులు మాట మధ్యలో గాలి పీల్చేస్తారు, స్పీడులో ఎవరికీ తెలియదు. ఆవిడ నడక తగ్గించారంటే సులువు దారి పట్టలేదు, కష్టమైన దారి కావాలని ఎంచుకున్నారు.

వెనకాయనకు పాట డల్‌గా ఎందుకనిపించిందంటే, తప్పు మాది కూడా. శ్రుతి దించినప్పుడు కీబోర్డులో స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల టోన్, కింది స్వరాల్లో బరువుగా మోగుతాయి. నేనైతే అప్పుడు ఎడమ చెయ్యి దాదాపు తీసేస్తాను, ఫ్లూటు టోన్ పెడతాను. అందరూ ఆ జాగ్రత్త తీసుకోరు.

పాలమూరు_పాట

మాస్టర్ గారూ, ట్రాక్ ఎవరు అడుగుతారు? పాడేవాళ్లా, పెట్టించేవాళ్లా?

కీబోర్డు_మాస్టర్ (మిర్యాలగూడ)

ఎక్కువసార్లు పెట్టించేవాళ్లే. ఒకప్పుడు ఆర్కెస్ట్రా అంటే వయొలిన్లు, ఫ్లూటు, గిటారు, తబలా, డోలక్, కాంగో, ప్యాడ్స్, కోరస్ అమ్మాయిలు, వ్యాను నిండా మనుషులం. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, దాని పక్కన నేను. నన్ను కూడా స్టేజి నిండుగా కనిపించాలని పిలుస్తారేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

ట్రాక్‌తో అసలు చిక్కు ఏమిటంటే అది ఎవరి కోసమూ ఆగదు. పాడేవాళ్లకు ఒక చోట ముచ్చటేసి ఆ లైను ఇంకోసారి తిప్పుకుందామంటే ట్రాక్ వెళ్లిపోతుంది. పెద్దవాళ్ల దగ్గర కుర్రాళ్ల దగ్గర లేనిది ఆ తిప్పుకోవడమే. దాన్నే మనం ఆపేస్తున్నాం.

సౌండ్‌సెట్_జడ్చర్ల

నా వైపు మాట కూడా రాసుకోండి. నేను సౌండు పెట్టేవాణ్ని.

స్టేజి మీద పాడేవాళ్ల ముందు మానిటర్ బాక్సులు పెట్టాలి. తమ గొంతు తమకు వినిపించేది వాటిలోనే. అవి లేకపోతే హాలు చివరి గోడకు కొట్టుకొని తిరిగొచ్చే చప్పుడు వింటూ పాడాలి. అది కొంచెం ఆలస్యంగా వస్తుంది, తాళం తప్పిస్తుంది. కుర్రాళ్లు అరిచి నెట్టుకొస్తారు. డెబ్భై దాటినవాళ్లు అట్ల అరిస్తే రెండో పాటకే గొంతు పట్టేస్తుంది. పైగా వయసుతో చెవిలో ముందు తగ్గేది సన్నటి, పై శబ్దాలే. కాబట్టి వాళ్లకు మానిటర్ ఇంకా స్పష్టంగా ఉండాలి. నేను కొటేషన్ ఇస్తే పెట్టించేవాళ్లు మొదట కొట్టేసే లైను మానిటర్లు. శాలువాల లైను మాత్రం ఎవరూ కొట్టేయరు.

ఇంకోటి టైము. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా. మామూలు రోజున పది కొట్టిందంటే కానిస్టేబుల్ వచ్చి నా మిక్సర్ పక్కన నిలబడతాడు. రెండు గంటలు ప్రసంగించినాయన అప్పటికే కారెక్కి పోయి ఉంటాడు. కోత పడేది పాటకే. క్లాక్‌టవర్ అన్న చెప్పిన కచేరీలో ఆవిడకు మిగిలింది గంటలోపే, లెక్క చూసుకోండి.

దామరచర్ల_బుల్లెట్

శాలువాల లైను 😂😂 మా ఊరి గణేశ్ మండపం దగ్గర కూడా ఇదే కథ.

నల్లమల_గాలి (అచ్చంపేట)

మీరంతా సినిమా గొంతుల దగ్గరే ఆగిపోయారు. మా వైపు రండి.

లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనె మైనం. 2021లో భీమ్లా నాయక్ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించాక రెండు రాష్ట్రాలకూ తెలిశారు. మంచిదే. కానీ అప్పటి నుంచి ఎక్కడికి పిలిచినా ఆ ముక్కే పాడమంటారు. ఆయన దగ్గర పండుగ సాయన్న కథ ఉంది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన మన పాలమూరు సాయన్న. తీరిగ్గా కూర్చొని వినాల్సిన కథ అది. జనం అర నిమిషం రీలు తీసుకొని పోతారు. 2024లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో బయటికొస్తే అందరం అయ్యో అన్నాం. అన్నవాళ్లలో ఎంతమంది ఆయన్ని ఒక గంట కూర్చొని విన్నారో మరి.

నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారికి 2024లో వచ్చింది పద్మశ్రీ. బుర్రవీణ. అటు కర్ణాటక సరిహద్దు కదా, తెలుగులోనూ కన్నడలోనూ పాడతారు.

నేను గమనించింది ఒకటే. వీళ్లను ఎవరూ గొంతు పోయిందని అనరు. ఎందుకంటే వీళ్ల పాటకు పోల్చుకోవడానికి పాత రికార్డు ఏదీ మన చెవిలో లేదు. కిన్నెర చప్పుడు, ఆ గరుకు గొంతు, రెండూ ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటాం. మరి సినిమా గాయనిని ఎందుకు తీసుకోం?

సౌండ్‌సెట్_జడ్చర్ల

కిన్నెరకు సౌండు పెట్టేవాళ్లకు ఒక మాట. నోటి ముందు ఒక్క మైకు పెట్టి వదిలేయకండి. గొంతు వినిపిస్తుంది, వాద్యం వినిపించదు. అది చిన్న చప్పుడు వాద్యం. బుర్రల దగ్గర ఇంకో మైకు కావాలి, దానికి బాస్ తగ్గించాలి, లేకపోతే కూత పెడుతుంది.

దామరచర్ల_బుల్లెట్

బలగం సినిమా చివర్లో అందరినీ ఏడిపించింది ఈ మొగిలయ్యేనా?

నల్లమల_గాలి (అచ్చంపేట)

కాదు. ఆయన పస్తం మొగిలయ్య, వరంగల్ వైపు. భార్య కొమురమ్మతో కలిసి పాడారు. 2024 డిసెంబరులో చనిపోయారు. కిన్నెర మొగిలయ్య వేరు.

హార్మోనియం_తాత

నాకు ఈ ఫోన్ల టైపు కొట్టుడు రాదు. నేను చెప్తుంటే మనవరాలు కొడుతున్నది.

మా కాలంలో మా పల్లెల్లో పద్యనాటకం అంటే రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారేది. హరిశ్చంద్రలో కాటి సీను కోసం జనం నిద్ర ఆపుకొని కూర్చునేవారు. జాషువా పద్యాలు ఆ సీనులోనే. పద్యం కుదిరిందంటే వన్స్‌మోర్. మళ్లీ వన్స్‌మోర్. లోహితాస్యుడి వేషం వేసిన పిల్లగాడు పాపం అవన్నీ అయ్యేదాకా కళ్లు మూసుకొని పడుకునే ఉండాలి. ఒకడు నిజంగానే నిద్రపోయిండు, సీను అయ్యాక ఎత్తుకొని పోవలసి వచ్చింది.

వయసు మళ్లిన ఒక హరిశ్చంద్రుడికి నేను చాలా ఏండ్లు వాయించిన. పడుచుతనంలో నాలుగున్నర శ్రుతిలో పాడిన మనిషి. తర్వాత రెండున్నరకు వచ్చిండు. రాగం తీస్తూ తీస్తూ ఒక చోట ఆగి నా దిక్కు చూసేవాడు. ఇక్కడి నుంచి నువ్వు ఎత్తుకో అని. నేను రాగం పైకి తీసుకపోయి, పై షడ్జమం మీద నిలబెట్టి, మెల్లగా కిందికి తెచ్చి వదిలితే ఆయన అందుకొని పద్యం ముగించేవాడు. వినేవాళ్లకు ఎక్కడా తెగినట్టు ఉండేది కాదు. ఆయన పాడనిది నేను వాయించిన, నాకు రానిది ఆయన పాడిండు.

మీరు చెప్పే ట్రాక్‌కు ఆ చూపు ఎట్ల కనిపిస్తది బాబూ?

పాలమూరు_పాట

తాతా, దండాలు. వన్స్‌మోర్.

దేవరకొండ_చిన్నోడు

తాత చెప్పింది బాగుంది, కాదనను. కానీ ఒక సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తడం లేదు. కొందరిని చూస్తే పాడాలని వచ్చినట్టు ఉండదు, ఇల్లు గడవక వచ్చినట్టు ఉంటుంది. నిలబడలేరు, మాటలు మరిచిపోతారు. పక్కన ఒకాయన భుజం మీద చెయ్యేసి సెల్ఫీ. అప్పుడు మనం కొట్టే చప్పట్లు పాటకు కాదు, జాలికి. శ్రుతి దించడం, ముగింపు మార్చడం, ఇవన్నీ గొంతు ఇంకా చేతిలో ఉన్నవాళ్ల సంగతి. అది కూడా లేనివాళ్లను స్టేజి ఎక్కించడం అభిమానమా? ఆపేయమంటే నన్ను తిడతారు. ఆపినా బతుకు గడిచేటట్టు ఉంటే వాళ్లలో చాలామంది మనకంటే ముందే ఆపేవాళ్లు.

సూర్యాపేట_అక్క

ఈ మాటకు నేను అడ్డు చెప్పను తమ్మీ. వృద్ధ కళాకారులకు పెన్షన్ అంటూ ఒకటుంది గానీ, దాంతోనే ఒక ఇల్లు గడుస్తుందని ఎవరూ అనలేరు. అందుకే పిలిచినవాళ్లు పాడించినా పాడించకపోయినా ఒప్పుకున్న డబ్బు చేతిలో పెట్టాలి. స్టేజి మీద కవరు ఇస్తూ ఫొటో దిగడం నాకు అసలు నచ్చదు.

కానీ నిలబడలేనివాళ్లు పాడలేరని మాత్రం అనకు. 2025 ఫిబ్రవరిలో మా సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరకు పోయాం. రెండేళ్లకోసారి కదా, ఇంటిల్లిపాది కదిలాం. ఒకవైపు డీజే బాక్సులు, ఇంకోవైపు భేరీలు, ఓ లింగా అని కేకలు. కాస్త దూరంగా పట్టా కింద ఒక పెద్దాయన గొంగడి పరుచుకొని కూర్చొని కథ చెప్తున్నాడు. చుట్టూ కొద్దిమందే. మేం పోయి కూర్చుంటే కథ ఆపకుండానే ఏ ఊరని సైగ చేశాడు. చెప్పాం. రెండు నిమిషాల తర్వాత మా ఊరి పేరు కథలోకి వచ్చేసింది, గొర్లు మా చెరువు కట్ట మీదుగా పోయాయి! మా అత్తమ్మ అక్కడి నుంచి కదలనంటే కదలనంది. ఆయనకు పైకి పాడే గొంతు లేదు, సగం మాటగానే చెప్పాడు. అయితే ఏం?

మన జిల్లాలో ఇది కొత్తేం కాదు. సుద్దాల హనుమంతు గారు గొల్ల సుద్దుల వరసే, అంటే గొల్లలు ఇట్ల కథ చెప్పే తీరే పట్టుకొని సాయుధ పోరాటం నాటి జనాన్ని కదిలించారు. ముందున్నవాళ్లను చూసి కథ నడపడం ఆ విద్యలోనే ఉంది.

పాలమూరు_పాట

గోరటి వెంకన్న గారిది మా తెలకపల్లి మండలం గౌరారమే. ఆయన పాట వేదిక మీద ఎప్పుడూ ఒకే పొడవుండదు. మధ్యలో ఆగి ముచ్చట చెప్తారు, అడుగులేస్తారు, మళ్లీ అందుకుంటారు. ట్రాక్ పెట్టి ఆయన్ని పాడమనండి చూద్దాం.

దామరచర్ల_బుల్లెట్

ఎమ్మెల్సీ అయ్యాక కూడానా? ఆ పార్టీ వాళ్లు…

మోడరేటర్

పార్టీల గొడవ ఇక్కడ వద్దు. కింద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. పాట దగ్గరే ఉండండి.

క్లాక్‌టవర్_రేడియో (నల్లగొండ)

పొద్దున పోస్టు పెట్టి పనికి పోతే ఇంత నడిచింది. నా వెనకాయన కూడా ఈ గ్రూపులో ఉంటే బాగుండును.

నా మాట ఇది. ఇకనుంచి పెద్దవాళ్ల షోకి పోయినప్పుడు పాట రికార్డులాగా ఉందా అని చూడను. ఇవాళ ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని వింటాను. మార్చే వీలు లేకుండా ట్రాక్‌తో కట్టిపడేసిన షో అయితే టికెట్ కొనను. చిన్నోడు చెప్పిన జాలి సంగతి కూడా నిజం, దానికి ఇక్కడ జవాబు లేదు.

మాటలతో ఆగకుండా ఒక పని చేద్దాం. మాస్టర్ గారికి తెలిసిన మిర్యాలగూడ పాత ఆర్కెస్ట్రా గాయకుడు ఒకాయన ఉన్నారు, ఆయన్ని నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం పాడించుకుందాం. చిన్న హాలు చాలు. ప్రసంగాలు లేవు. ఐదింటికి మొదలుపెడితే ఏడున్నరకల్లా అయిపోవాలి, ఊళ్లకు పోయేవాళ్లకు బస్సులుంటాయి. ఉచితంగా పెడదామా?

దేవరకొండ_చిన్నోడు

ఉచితం వద్దు. టికెట్ పెట్టండి. ఉచితమైతే సగంలో లేచి పోతారు, పోతూ పోతూ నాలాంటి మాట ఒకటి అనిపోతారు. నాకు రెండు టికెట్లు రాసుకోండి.

సూర్యాపేట_అక్క

నాకు నాలుగు. డబ్బు ఆయనకు ముందురోజే ఇంటికి పంపించండి.

సౌండ్‌సెట్_జడ్చర్ల

చిన్న హాలే కాబట్టి బాక్సులు రెండు చాలు. మానిటర్ నా ఖర్చు. గాయకుణ్ని మూడున్నరకు తీసుకురండి, ఖాళీ హాల్లో ఒకసారి పాడి చూసుకోవాలి. వెనుక గోడకు ఏదైనా దుప్పట్లు కట్టించండి, మోత తగ్గుతుంది.

కీబోర్డు_మాస్టర్ (మిర్యాలగూడ)

ఫోన్ చేసి అడిగాను, వస్తానన్నారు. ల్యాప్‌టాప్ తేను. నేను, తబలా ఆయన, ఫ్లూటు అబ్బాయి దొరికితే ఫ్లూటు. పాటల లిస్టు ఇప్పుడే ఇవ్వనన్నారు. స్కేలు కూడా ఆ పూట గొంతు చూసుకొని చెప్తారట.

హార్మోనియం_తాత

నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వస్తా. హార్మోనియం తీసుకొనే వస్తా. కీబోర్డు బాబు జర పక్కకు జరగాలె.

సౌండ్‌సెట్_జడ్చర్ల

తాతకు ఇంకో మైకు రాసుకున్నా.